అమెరికా అడ్డుపుల్లను కడప జిల్లాకు మోసుకెళ్ళాను

నేను తిరిగొచ్చి పదిహేను రోజులైంది. చెప్పులకు అంటుకున్న నల్లరేగడి మట్టి ఇంకా పూర్తిగా వదల్లేదు. "కడప జిల్లాకా? ఒక్కదానివేనా? అక్కడి మనుషులు మహా కోపిష్టివాళ్ళట!" అని బయల్దేరేముందు మా గుంటూరులో ప్రతివాళ్ళూ నన్ను బెదరగొట్టారు. వాళ్ళలో ఒక్కరైనా ఆ జిల్లాలో కాలు పెట్టినవాళ్ళు కారు. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను.

నేను ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెబుతాను. గ్రంథాలయ వారోత్సవాలకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మూడు ఉపన్యాసాలివ్వాలని ఉత్తరం వచ్చింది. విషయం నన్నే ఎంచుకోమన్నారు. "అమెరికా చట్టసభలో ప్రతిపక్షం అడ్డంపడే పద్ధతులు" అని రాసి పంపాను. నిజం చెప్పాలంటే అమెరికా నేను చూడలేదు. మద్రాసులో అమెరికావాళ్ళు పెట్టిన గ్రంథాలయంలో రెండు వేసవి సెలవులు ఫ్యాను కింద కూర్చుని చదివాను, అంతే. వినేవాళ్ళూ చూసి ఉండరు కదా అన్న ధైర్యంతో రైలెక్కాను.

ప్రొద్దుటూరు

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కాను. దారి పొడుగునా బండలే. మా వైపు తాటాకు, తడిక, ఇటుక ఎక్కడెక్కడ వాడతామో ఇక్కడ అక్కడల్లా బండే. చేనుకు కంచె బండ, ఇంటికి కప్పు బండ, అరుగు బండ, చివరికి బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు కూర్చునేదీ బండే. నల్లగా, నున్నగా, పలకల్లా ఉంటాయి. వాటిమీద సుద్దముక్కతో అక్షరాలు రాయాలనిపించింది నాకు. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది?

ప్రొద్దుటూరులో నాకు విడిది ఒక అయివారింట్లో. ఇక్కడ బడిపంతుల్ని అయివారంటారు. ఆయన మరదలు సుభద్రమ్మ, ముప్పై అయిదేళ్ళ మనిషి, నాకు ఈ ప్రయాణమంతా తోడు. ఆమె పులివెందుల దగ్గర ఒక పల్లెలో ఆడపిల్లలకు అయిదో తరగతి దాకా చదువు చెబుతుంది. చామనఛాయ, గట్టి గొంతు, నవ్వితే ముందు భుజాలు కదులుతాయి, తర్వాత శబ్దం వస్తుంది. మొదటి పూటే మేము అక్కాచెల్లెళ్ళమైపోయాం.

అన్నం దగ్గర నా మొదటి పరాభవం జరిగింది. వడ్డించేముందు ఇంటావిడ "కారం తింటారా మా?" అని అడిగింది. ఇక్కడ అమ్మా అనడానికి మా అంటారు. గుంటూరు దాన్ని, నన్ను ఆ మాట అడగటమా! "ఎంతైనా వెయ్యండి" అన్నాను. జొన్నరొట్టె మీద చెనిక్కాయల ఊరిబిండి వేశారు. చెనిక్కాయలంటే మన వేరుశనగలే, ఊరిబిండంటే వాటితో రోట్లో నూరిన పచ్చడి. రెండో ముద్దకు నా కళ్ళు, ముక్కు, చెవులు ఒకేసారి పనిచెయ్యడం మొదలుపెట్టాయి. గుంటూరు పరువు కోసం మూడో ముద్ద కూడా తిన్నాను. నాలుగోదానికి సుభద్రమ్మ చేత్తో ఇంత వెన్నముద్ద తెచ్చి నా రొట్టె మీద పెట్టి, "గుంటూరోళ్ళు మిరపకాయలు పండిస్తారక్కా, మేం తింటాం" అంది.

ఉపన్యాసం పఠనమందిరంలో. ఊరు పత్తివ్యాపారుల ఊరు, బంగారం అంగళ్ళ ఊరు. ముందు వరసలన్నీ తెల్లటి పంచెలే. నేను చెప్పాను: అమెరికా పెద్దసభలో ఒక సభ్యుడు మాట్లాడటానికి లేస్తే, అతనంతట అతను ఆపేదాకా ఆపించడం మహా కష్టం. అవతలిపక్షం తెచ్చిన చట్టం నచ్చకపోతే, దాన్ని ఓడించేంత బలం తమకు లేకపోతే, లేచి నిలబడి మాట్లాడుతూనే ఉంటారు. విషయం అయిపోతే పుస్తకాలు చదువుతారు. ఒకాయన వంటలు ఎలా చెయ్యాలో కూడా చదివాడట. ఈమధ్యనే, నల్లవాళ్ళకు ఓటుహక్కు భద్రం చేసే చట్టాన్ని వాళ్ళ ప్రెసిడెంటు తెస్తే, ఎదుటి పార్టీ సభ్యుడొకాయన ఒక పగలూ ఒక రాత్రీ నిలబడి మాట్లాడాడు.

"ఆయన యాడోడు మా?" అని ఒక వ్యాపారి అడిగాడు.

"దక్షిణాన. పత్తి పండే సీమ."

పంచెలన్నీ ఒకసారి కదిలాయి. పత్తి అనగానే సభకు ప్రాణం లేచొచ్చి, అక్కడి గింజ ఎంత, పింజ పొడవెంత అని పది నిమిషాలు నన్ను వేయించారు. నాకు తెలిస్తేగా! ఇంతలో వెనక తలుపు దగ్గర నిలబడ్డ మనిషి, పత్తిమిల్లులో పనిచేసేవాడట, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అడిగాడు. "మరి ఆ నల్లోళ్ళకు ఓటు వచ్చిందా మా?"

"చట్టం వచ్చింది. అడ్డం పడీపడీ దాన్ని బాగా పలచన చేశారు. ఓటు ఇంకా అందరికీ రాలేదు" అన్నాను.

"నాకుండాది" అన్నాడతను, ఎవరితోనూ కాకుండా, తనకు తానే చెప్పుకున్నట్టు. తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ రోజు నేను చెప్పినదానికన్నా ఆయన అన్న ఆ ఒక్కమాటే బాగుంది.

ఇంటికి నడుస్తూ సుభద్రమ్మ తన సంగతి చెప్పింది. ఆమె ఊళ్ళో ఆడపిల్లలకు అయిదుతో చదువు సరి. ఆరో తరగతికి మూడు మైళ్ళు నడవాలి, పంపరు. పోయిన రెండేళ్ళుగా అయిదు పాసైన పిల్లలందరూ చెనిక్కాయలు వలుస్తూ ఇళ్ళలోనే ఉన్నారు. ఈ ఏడు ఆరో తరగతి ఇస్తామని పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఊరి పంచాయతీ ఒక స్థలం ఇస్తున్నట్టు తీర్మానం చెయ్యాలి. తీర్మానం నకలు శనివారం పొద్దున్నే పులివెందులలో అందాలి. అందకపోతే ఆ తరగతి ఇంకో ఊరికి పోతుంది.

"పంచాయతీ మీటింగు ఈ శుక్రవారం. పొద్దున పదికి మొదలు, సాయంత్రం అయిదు దాకా అని నోటీసు. అయిదు దాటితే మళ్ళీ కొత్త నోటీసు, మళ్ళీ వారం. మా పార్టీకి అయిదుగురుండారు, ఆ పార్టీకి నలుగురు. ఓటేస్తే గెలుస్తాం" అంది.

"టీచరుకు పార్టీ ఏమిటి?"

"మా ఊర్లో ఎద్దులకు గూడా ఉండాదక్కా."

జమ్మలమడుగు

బస్సు ఇసకలో దిగబడి అందరం దిగి తోశాం. నా కుడి చెప్పు వారు అక్కడే తెగింది. జమ్మలమడుగులో దిగగానే చెప్పులు కుట్టే ఆయన దాన్ని పది నయాపైసలకు కుట్టి, గుంటూరులో చెప్పులు ఇంత పలచగా ఎందుకు చేస్తారని నన్నే నిలదీశాడు. మా ఊరి చెప్పులవాళ్ళ తరపున నేను క్షమాపణ చెప్పుకున్నాను. మా దగ్గర కొత్తవాళ్ళతో ముందు మర్యాద, తర్వాత చనువు. ఇక్కడ ముందు చనువు. దాన్నే మావాళ్ళు కోపమనుకుంటారు.

ఊళ్ళో ఆసుపత్రి పాతది, పేరుమోసింది. చుట్టుపక్కల తాలూకాలనుంచి బండ్లు కట్టుకుని వస్తారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు సాయంత్రం ఏమీ తోచక సభకు వస్తారని గ్రంథాలయం ఆయన ముందే చెప్పాడు. నిజంగానే సగంమంది కట్లతో వచ్చారు. ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. అరవై దాటాయి, తెల్లటి మీసం, నిటారైన నడుము. పక్కన ఆడవాళ్ళ వైపు ఒక ముసలామె, ఒక కంటికి కట్టు.

ఇంత శ్రద్ధగా వినే మనిషిని కాలేజీలో పదిహేనేళ్ళుగా చూడలేదు. నేను ముగించగానే పెద్దాయన లేచాడు.

"మాట్లాడేటప్పుడు కూర్చోగూడదా మా?"

"కూడదు. కూర్చుంటే వంతు పోయినట్టే."

"నీళ్ళు తాగొచ్చునా?"

"తాగొచ్చు."

"మధ్యలో ఎవురన్నా ప్రశ్న అడిగితే?"

"ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. వంతు పోదు. అదే తెలివైన పని, గొంతుకు విశ్రాంతి. తనవాళ్ళ చేతనే ప్రశ్నలడిగించుకుంటారు!" అన్నాను హుషారుగా.

ఆడవాళ్ళ వైపునుంచి సుభద్రమ్మ చేతులూపుతోంది. బాగా చెబుతున్నాను కాబోలు అనుకున్నాను. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపింది. ఇంకా వివరంగా చెప్పమంటోంది కాబోలు అనుకుని, వంట పుస్తకాల సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆమె నుదురు కొట్టుకుంది. చప్పట్లు మోగుతుండగా నేను గర్వంగా దిగి వస్తే నా జబ్బ పట్టుకుని పక్కకు లాగింది.

"అక్కా, ఆయనెవురనుకున్నావు? ఓబుల్‌రెడ్డి! మా ఊరి పంచాయతీలో ఆ పార్టీ పెద్ద! శుక్రవారం ఓడిపోతానని దిగులుతో ఉండే మనిషికి దోవ చూపించినావు గదక్కా!"

అంతదూరం రైలెక్కి, బస్సెక్కి, బస్సు తోసి, చెప్పు కుట్టించుకుని, నేను చేసిన ఘనకార్యం ఇదీ.

ముద్దనూరు దారిలో

మర్నాడు బస్సులో మా వెనక సీటులోనే ఓబుల్‌రెడ్డి, ఆయన భార్య చెన్నమ్మ. కంటి శస్త్రచికిత్స చేయించుకుని ఊరికి పోతున్నారు. ఆమె బస్సు ఎక్కేటప్పుడు ఆయన ముందు ఎక్కి, రెండు చేతులూ ఇచ్చి పైకి తీసుకున్నాడు. ఒక్కొక్క మెట్టుకూ "ఇంగొకటి, ఇంగొకటి" అని చెప్పుకుంటూ. నేను ద్వేషించాలని గట్టిగా నిశ్చయించుకున్న మనిషి ఆయన.

ముద్దనూరులో బస్సు ఆగితే స్టేషను దగ్గర హోటల్లో ఉగ్గాని తిన్నాం. బొరుగుల్ని, అంటే మరమరాల్ని, నీళ్ళలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పప్పులపొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు మరమరాలు పిల్లల తిండి, ఇక్కడ పెద్దరికం వచ్చింది వాటికి. దుడ్లు నన్నివ్వనీయలేదు ఓబుల్‌రెడ్డి. "మా జిల్లాకొచ్చి నువ్విస్తావా మా?" అని కసురుకున్నాడు.

ధైర్యం తెచ్చుకుని అడిగేశాను. "పెద్దాయనా, ఆడపిల్లల బడికి అడ్డం పడతారా?"

"బడి మీద నాకేం కోపం మా? మంచిదే. మా మనమరాలు గూడా అయిదు పాసై ఇంట్లో ఉండాది."

"మరి?"

"బడి ఆ పంచాయతీ ప్రెసిడెంటు తెస్తాండాడే, అదీ నా కోపం. వాడు బడి తెచ్చె అనుకో, వచ్చే ఎలక్షన్లకు ఊరంతా వాడిదే. ఆ అమెరికాయన మాత్రం ఎందుకు నిలబడినాడు?"

నాకు తోచిన జవాబు చాలా పెద్దది. బజ్జీ నోట్లో ఉంది. మింగేసరికి ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఓటర్ల లిస్టు చదవొచ్చునా?"

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో! సుభద్రమ్మ నా కాలు తొక్కింది కూడా. కానీ పాఠం చెప్పేదాన్ని, అడిగినవాడికి తప్పు చెబితే రాత్రి నిద్ర పట్టదు నాకు. "చదవొచ్చు" అన్నాను. చెన్నమ్మ ఒంటికన్నుతో మా ముగ్గురినీ చూసి, "ఈయప్పకు మాట్లాడేది నేర్పించేదానికి గుంటూరు నుంచి మనిషి రావాల్నా తల్లీ?" అంది. కోపంలో ఉన్న సుభద్రమ్మ కూడా భుజాలు కదిలించింది.

పులివెందుల

పులివెందులలో నేను జాగ్రత్తపడ్డాను. ఉపన్యాసంలో అడ్డంపడే భాగమంతా కత్తిరించి, అమెరికా రాజ్యాంగం గొప్పతనం గురించి అరగంట చెప్పాను. సభ ఆవులించింది. చివరకు ఒకాయన లేచి, "అడ్డం పడేది చెప్పండి మా, దానికే వచ్చినాం. జమ్మలమడుగులో శానా బాగా చెప్పినారంట గదా" అన్నాడు. కబురు బస్సుకన్నా ముందొచ్చింది. చెప్పక తప్పలేదు.

ఆ సభలో రెండు వర్గాలవాళ్ళూ వచ్చి, చెరో వైపు కూర్చున్నారు. అమెరికాలో కూడా రెండే పార్టీలని చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా వైపు ఈ విషయం అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు గంట పడుతుంది. ఇక్కడ ఒక్క నిమిషం పట్టలేదు. ఏ పార్టీ అధికారంలో ఉంటే రెండోది అడ్డం పడుతుంది, కుర్చీలు మారితే పనులూ మారతాయి అన్నాను. రెండు వైపులా ఒకేసారి తలలూపారు. వాళ్ళు ఏకమైన విషయం ఈ ఏడాదిలో అదొక్కటేనని తర్వాత గ్రంథాలయం ఆయన చెప్పాడు.

ఊరి పేరు చెప్పను

శుక్రవారం పొద్దున సుభద్రమ్మ పల్లెకు వెళ్ళాం. పేరు రాయనని వాళ్ళకు మాటిచ్చాను. ముందురోజు వాన పడింది. నల్లరేగడిలో నడిస్తే అడుగడుగుకూ చెప్పుకింద ఒక అంగుళం మట్టి చేరుతుంది. ఊరు చేరేసరికి నేను సుభద్రమ్మ కన్నా పొడవయ్యాను.

పంచాయతీ ఆఫీసంటే ఒక బండల గది, ముందు వసారా. గోడకు ఒక గడియారం. గది బయట కిటికీల దగ్గర ఊరి ఆడవాళ్ళు. వాళ్ళలో సుభద్రమ్మ దగ్గర అయిదు పాసైన ఏడుగురు పిల్లల తల్లులు ఒకచోట నిలబడ్డారు. ప్రెసిడెంటు నలభై ఏళ్ళవాడు, మితభాషి. తీర్మానం చదివించాడు. "ఎవురన్నా మాట్లాడాల్నా?" అన్నాడు.

ఓబుల్‌రెడ్డి లేచి నిలబడ్డాడు. అప్పుడు పదీ పది.

మొదట స్థలం గురించి చెప్పాడు. ఆ స్థలంలో వాళ్ళ జేజినాయన, అంటే తాత, కాలంలో ఉన్న కళ్ళం గురించి చెప్పాడు. ఆ కళ్ళంలో తొక్కించిన ఎద్దుల పేర్లు, వాటి గుణాలు, ఒక ఎద్దు ఎవరిని పొడిచిందీ, ఎందుకు పొడిచిందీ. ఊరి బావులన్నిటినీ ఒక్కొక్కటిగా తవ్వించాడు మా కళ్ళముందు. ఆయన అంత బాగా చెబుతాడని నాకు తెలియదు. ఎదుటి పార్టీ సభ్యులు నవ్వాపుకోలేక పైకండువాలు నోట్లో కుక్కుకున్నారు. ప్రెసిడెంటు గుమాస్తాను రూలు పుస్తకం చూడమన్నాడు. సభ్యుడు మాట్లాడుతుంటే ఆపే రూలు అందులో లేదు. ఓబుల్‌రెడ్డి మనుషులు మధ్యమధ్య ప్రశ్నలడుగుతున్నారు. అదీ నేను నేర్పిందే.

పన్నెండు దాటాక ఆయన నన్ను పిలిచాడు. "మా, ఈ స్తంభానికి ఆనుకుంటే కూర్చున్నట్టా?"

గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఆ ఊళ్ళో అమెరికా చట్టానికి నేనే జడ్జీని. "ఆనుకోవచ్చు" అన్నాను నీరసంగా. ప్రెసిడెంటు కూడా బుద్ధిగా తలూపి, అది న్యాయమేనని ఒప్పుకున్నాడు.

రెండయింది. ఓటర్ల లిస్టు మొదలైంది. ఒక్కొక్క పేరుకూ ఒక కథ. సుభద్రమ్మ గడియారం వైపు చూడటం మానేసి నేలవైపు చూస్తోంది. బయట ఆ తల్లులు ఒక్కరూ కదల్లేదు. నాకు సిగ్గేసింది. పుస్తకాల్లో చదివినప్పుడు ఇదంతా ఎంత తమాషాగా ఉండేది! మాట్లాడుతున్న మనిషినే చూశాను ఇన్నాళ్ళూ. కిటికీ అవతల నిలబడ్డవాళ్ళు నా ఉపన్యాసంలో ఎక్కడా లేరు. ప్రొద్దుటూరులో తలుపు దగ్గర మనిషి ఓటు వచ్చిందా అని ఎందుకు అడిగాడో నాకప్పుడు అర్థమైంది.

నాలుగు కావస్తుండగా వసారాలో గాజుల చప్పుడయింది. చెన్నమ్మ. కంటికి కట్టు, ఒక చేత్తో గోడ తడుముకుంటూ, రెండో చేత్తో అన్నం క్యారియరు.

"పొద్దున్నుంచి ఏం తినలే నువ్వు" అంది గుమ్మంలోంచి.

"ఇంటికి పో. నువ్వు తిని పండుకో" అన్నాడు ఓబుల్‌రెడ్డి.

"నువ్వు తినకుండా నేనెప్పుడు తింటి? మాత్రలు అన్నం తిన్న్యాకే ఎయ్యమన్న్యాడు డాక్టరు. మధ్యాన్నం మాత్ర ఇంగా ఎయ్యలే. కన్ను సలుపుతాంది."

ఆ ఇళ్ళలో పెద్దావిడలు భర్త తినకముందు తినరు. నలభై ఏళ్ళుగా తినలేదు, ఈ ఒక్కపూట తినమంటే తినదు. ఓబుల్‌రెడ్డి గడియారం చూశాడు. నా వైపు చూశాడు. "నిలబడుకొని తినొచ్చునా మా?"

"అక్కడ తింటారేమో. వంతు పోదు" అన్నాను.

"నిలబడి తినేవి ఎనుములు" అంది చెన్నమ్మ. "నేను పెట్టను."

ఆయన స్తంభం వదల్లేదు. చేతిలో లిస్టు ఉంది, ఇంకా సగం పేర్లున్నాయి. గెలవడానికి ఇంకో గంట చాలు. ఆమె కట్టు కింద నీరు కారుతోంది. ఆయన లిస్టు మడిచి చంకలో పెట్టుకుని, వసారాలోకి నడిచి, ఇస్తరాకు ముందు కూర్చున్నాడు.

సుభద్రమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఆయన కూర్చున్న్యాడు! వంతు పోయింది! ఇప్పుడే చేతులెత్తించండి ప్రెసిడెంటుగారూ!"

నేనూ లేచాను. "అవును, అమెరికా పద్ధతి ప్రకారం వంతు పోయింది" అన్నాను. అంత ఆనందంగా ఏ తీర్పూ ఎవరూ చెప్పి ఉండరు.

ప్రెసిడెంటు మా ఇద్దరినీ చూశాడు. "తింటాండే మనిషిని ఓడించమంటావా టీచరమ్మా?"

"అయిదుకు ముగుస్తుందయ్యా మీటింగు!"

"ముగిస్తే ముగియనీ. ఇస్తరి ముందర కూర్చున్నోడు పగోడైనా సరే, చెయ్యి కడిగేదాంకా వాని జోలికి పోగూడదు. మా ఊర్లో ఎన్ని కొట్లాటలైనా ఆ పని ఎవురూ చెయ్యలే. నేను చెయ్యను." గుమాస్తాను చేతిలో పెన్ను కింద పెట్టేయమన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏడుగురు పిల్లల చదువు ఒకవైపు, ఈయన మర్యాద ఒకవైపా! ఆ మాట పైకే అనబోయాను. సుభద్రమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. ఆ ఊరిమనిషి కనుక ఆమెకు తెలుసు, ఇక ఆయనతో వాదించి లాభం లేదని.

ఓబుల్‌రెడ్డి సంగటి తిన్నాడు. తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. తర్వాత చెన్నమ్మ తింది. ఆయన పక్కనే కూర్చుని ఆమెకు కనపడనివైపు పప్పు జరిపాడు. మాత్ర చేతికిచ్చి, మింగేదాకా చూశాడు. లేచి చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చేసరికి నాలుగూ నలభై.

"రా మామా" అన్నాడు ప్రెసిడెంటు. "యాడ ఆపినావో ఆడినుంచి చెప్పు."

ఓబుల్‌రెడ్డి ఆ మాట ఊహించలేదు. "నా వంతు అయిపోయింది గదప్పా. ఆయమ్మ చెప్పె గదా, కూర్చుంటే పోతాదని."

"అది అమెరికాలో. మన దాంట్లో నువ్వు అన్నానికి పోయినావు, వచ్చినావు. చెప్పు, వింటాం."

ఆయన లిస్టు విప్పాడు. అందరి కళ్ళూ దానిమీదే. ఇరవై నిమిషాలు చదివితే చాలు, ఆయన గెలిచినట్టే. ఒక పేరు చదవడానికి నోరు తెరిచాడు. మూశాడు. ప్రెసిడెంటు వైపు చూశాడు. వసారాలో తీసిపెట్టిన ఇస్తరి వైపు చూశాడు.

"నేను తింటాంటే మీరు చెయ్యెత్తకుండా ఉన్న్యారు. అయిదుగురుండి" అన్నాడు నెమ్మదిగా. మళ్ళీ గొంతు పెంచాడు. "ఇనండి. నేను చెయ్యెత్తను. అది మా పార్టీ మాట. ఇంగ మాట్లాడనూ మాట్లాడను. అది నా మాట. గుమాస్తా, ఓబుల్‌రెడ్డి వ్యతిరేకమని రాసుకో."

లిస్టు మడిచి కూర్చున్నాడు.

అయిదు చేతులు లేచాయి. నాలుగు లేవలేదు. గుమాస్తా రాసి, ప్రెసిడెంటు సంతకం పెట్టి, ముద్ర వేసేసరికి అయిదుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి. కిటికీల దగ్గర కేక లేచింది. తీర్మానం నకలు అందుకున్న సుభద్రమ్మ నవ్వాలనుకుంది. భుజాలు కదిలాయి, శబ్దం మాత్రం ఏడుపై వచ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గుపడకుండా, గట్టిగా. అంత సంతోషం నాకు జీవితంలో రెండు మూడుసార్లే కలిగింది.

వసారాలోంచి చెన్నమ్మ పిలిచింది. "ఏమైందమ్మే? ఎవురూ చెప్పరే!"

సుభద్రమ్మ పరుగున వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "బడి వచ్చిందవ్వా!"

"మా ఆయప్ప చెయ్యెత్తినాడా?"

"లేదవ్వా. ఊరకే కూర్చున్న్యాడు."

"ఆ మాత్రం చాలు." చెన్నమ్మ ఆమె చేతులు వదల్లేదు. "అయితే రాసుకో. మొదటి పేరు మా మనమరాలిది, ఓబులమ్మ."

లోపలినుంచి ఓబుల్‌రెడ్డి గొంతు గట్టిగా వినిపించింది. "వయసు పదకొండు!"

"పది!" అంది చెన్నమ్మ, తల తిప్పకుండానే. "నువ్వు ఊరకుంటానని చెప్పితివి గదా, ఊరకుండు."

ఆయన ఊరుకున్నాడు.